ఇఫ్తార్ గ్లాసు నేర్పిన పాఠం

దారిలోని హానికర వస్తువును తొలగించటం కూడా విశ్వాస శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును మేము ఏటా విద్యార్థులచేత కంఠస్థం చేయిస్తాము. కాని గత రమజాన్‌లో ఇఫ్తార్ ముగిశాక మస్జిదు ఆవరణలో చెల్లాచెదురుగా పడివున్న ప్లాస్టిక్ గ్లాసులను చూసి మేమే సిగ్గుపడ్డాము. పారవేసింది మా పిల్లలే. వారి చేతికి ఇచ్చింది మేమే.

ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. మన నెల్లూరు తీరంలో వీధి చెత్త కాలువల వెంట సముద్రాన్ని చేరుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుక తీరాలకు వచ్చే కాలంలోనే ఈ సంవత్సరాల్లో రమజాన్ వస్తోంది. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచిని తాబేలు జెల్లీచేప అనుకొని మింగుతుంది. దప్పికగొన్న కుక్కకు నీరు త్రాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని బోధించే మనం, మన దాహం తీర్చిన గ్లాసు మరో జీవికి హాని కాకుండా చూడవద్దా?

వచ్చే రమజాన్‌లో ప్రతి విద్యార్థీ ఇంటినుండే స్టీలు గ్లాసు తేవాలని నిర్ణయించాము. ఉపాధ్యాయులకూ ఇదే నియమం. తల్లులారా! ఖర్జూరాలతోపాటు ఆ గ్లాసును కూడా పిల్లల సంచిలో పెట్టి పంపండి. దుబారా నుండి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక!