రిపోర్టులన్నీ నార్మల్.. అయినా భయం ఎందుకు పోదు? డాక్టర్ 'ఏం లేదు' అంటే సరిపోదా?

ఛాతీలో ఎడమవైపు చిన్నగా పట్టేసినట్టు అనిపించింది. ఈసీజీ తీయించారు.. నార్మల్. రెండ్రోజులు హాయిగా నిద్ర పట్టింది. మూడో రోజు మళ్లీ అదే చోట అదే పట్టు. 'ఆ మిషన్ సరిగ్గా పనిచేసిందో లేదో' అని డౌట్. ఇంకో డాక్టర్, ఇంకో ఈసీజీ, ఈసారి ఎకో కూడా. అదీ నార్మలే. ఇంట్లో వాళ్లేమో "నీకేం కాలేదు, అంతా నీ భ్రమ" అంటారు. ఇలాంటి వాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? లేదంటే అది మీరేనా? అయితే ఇది ఒకసారి పూర్తిగా చదవండి.

దీన్ని హెల్త్ యాంగ్జైటీ అంటారు. ఒకప్పుడు హైపోకాండ్రియాసిస్ అనేవాళ్లు. ఆ మాట తిట్టులా మారిపోయింది. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టులు తమ డయాగ్నసిస్ పుస్తకం నుంచి దాన్ని తీసేసి 'ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్' అనే పేరు పెట్టారు. తీవ్రమైన జబ్బు ఉందేమో, వస్తుందేమో అనే భయం కనీసం 6 నెలలు వదలకుండా ఉంటే ఈ కేటగిరీలోకి వస్తుంది. మన పెద్దవాళ్లు 'అనుమానం పెనుభూతం' అని ఊరికే అనలేదు.

అయితే ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. ఇది నటన కాదు. భయం మొదలైతే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె నిజంగానే దడదడలాడుతుంది. ఊపిరి వేగంగా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తిరుగుతుంది. మెడ దగ్గర గడ్డ ఉందేమోనని రోజుకు ఇరవై సార్లు నొక్కి చూసుకుంటే ఆ చోటు నిజంగానే నొప్పెడుతుంది. ఆ నొప్పి చూసి భయం ఇంకా పెరుగుతుంది. అందుకే "భ్రమ" అనే మాట వాళ్లకు అంత కోపం తెప్పిస్తుంది.

నడిగడ్డలో ఈ భయం ఏ దారిలో వెళ్తుంది?

జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లినే తీసుకోండి. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉన్న ఊరు. ఇలాంటి చోట ఒంట్లో బాగోకపోతే మొదట మెడికల్ షాపు. తర్వాత ఊళ్లో ఆర్ఎంపీ. ఆయన క్వాలిఫైడ్ డాక్టర్ కాదని చాలామందికి తెలుసు, కానీ రాత్రి పదింటికి ఫోన్ చేసినా బండేసుకుని వచ్చేది ఆయనే. ఆ తర్వాత ప్రైమరీ హెల్త్ సెంటర్. అక్కడా తగ్గలేదనిపిస్తే జిల్లా ఆసుపత్రికి గద్వాలకో, నది దాటి కర్నూలుకో. ఇంకా భయం పోకపోతే హైదరాబాద్ బస్సు.

మామూలు రోగాలకు ఈ దారి ఎలాగోలా పనిచేస్తుంది. హెల్త్ యాంగ్జైటీ ఉన్నవాళ్లకు మాత్రం ఇదే పెద్ద చిక్కు. ప్రతి చోటా డాక్టర్ కొత్తవాడే. పాత ఫైల్ తిరగేసే టైమ్ ఎవరికీ ఉండదు. "సారూ, గుండెల దడ దడ అంటుంది" అనగానే ఆయనా మొదటి నుంచే మొదలుపెడతాడు. ఆయన తప్పు కూడా కాదు, కొత్త పేషెంట్ గుండె అన్నప్పుడు ఈసీజీ తీయకుండా ఎలా పంపిస్తాడు? అలా కవర్లో రిపోర్టులు పెరుగుతూ ఉంటాయి. వాటన్నింటినీ ఒకేసారి చూసిన డాక్టర్ ఒక్కరూ ఉండరు.

టెస్టులు చేయిస్తే భయం తగ్గుతుంది కదా?

అందరం అలాగే అనుకుంటాం. కానీ 2013లో జామా ఇంటర్నల్ మెడిసిన్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ చూడండి. పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువగా ఉన్నవాళ్లకు చేసిన టెస్టుల మీద 14 ట్రయల్స్‌ను కలిపి చూశారు. మొత్తం 3,800 మందికి పైగా పేషెంట్లు. టెస్ట్ చేసినా చేయకపోయినా వాళ్ల ఆందోళనలో పెద్దగా తేడా రాలేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. రిపోర్టులో పక్కన రాసే 'నార్మల్ రేంజ్' ఎలా పెడతారో తెలుసా? చాలా టెస్టులకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది అందులోకి వచ్చేలా పెడతారు. అంటే ఏ జబ్బూ లేని 5 శాతం మంది కూడా ఆ గీత దాటుతారు. అలాంటి టెస్టులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి 20 చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటైనా తేడాగా వచ్చే ఛాన్స్ దాదాపు 64 శాతం! ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఆఫర్ చూసి వెళ్లిన భయస్తుడికి ఆ ఒక్క బోల్డ్ అక్షరం చాలు, నెల రోజులు నిద్ర ఉండదు.

కరోనా సెకండ్ వేవ్ గుర్తుందా? స్వల్ప లక్షణాలున్నవాళ్లు కూడా సీటీ స్కాన్ సెంటర్ల ముందు క్యూ కట్టారు. అలా పరుగెత్తొద్దని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా 2021 మేలో టీవీల్లోకి వచ్చి మరీ చెప్పాల్సి వచ్చింది. ఇందులో మాలాంటి న్యూస్ సైట్ల వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి. 'ఈ లక్షణం ఉంటే డేంజర్‌లో ఉన్నట్టే' అని హెడ్డింగ్ పెడితే ఎంతమంది క్లిక్ చేస్తారో మా డెస్క్‌లో అందరికీ తెలుసు.

మరి డాక్టర్ ఏం చేయాలి?

"ఏం లేదు, పో" అంటే అవమానం. "సరే, ఇంకో స్కాన్ చేద్దాం" అంటే అనుమానానికి బలం. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉందని అమెరికాలో 1986లోనే చూపించారు. ఒంట్లో రకరకాల బాధలతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే పేషెంట్ల మీద చిన్న స్టడీ అది. సైకియాట్రిస్టులు ఆ పేషెంట్లకు ట్రీట్‌మెంట్ ఏమీ ఇవ్వలేదు. వాళ్లను చూసే మామూలు డాక్టర్లకు ఒక లెటర్ మాత్రం రాశారు. అందులో ఉన్నది సింపుల్. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి తేదీ ఇచ్చి పిలవండి. వచ్చినప్పుడు చెయ్యి పట్టి, స్టెతస్కోప్ పెట్టి పరీక్ష చేయండి. స్పష్టమైన కారణం లేకుండా కొత్త టెస్టులు రాయకండి. 'అంతా నీ తలలోనే ఉంది' అని అనకండి. ఇంతే! వాళ్ల వైద్య ఖర్చు 53 శాతం తగ్గింది. ఆరోగ్యం మాత్రం పాడవలేదు.

కిటుకు ఆ తేదీలోనే ఉంది. భయం వేసినప్పుడల్లా డాక్టర్ దగ్గరికి పరుగెడితే 'భయపడితేనే డాక్టర్ చూస్తాడు' అని మెదడు నేర్చుకుంటుంది. ఫలానా రోజు ఎలాగూ చూస్తాడని తెలిస్తే, ఈ రాత్రికి ఆగగలం.

అంటే కావాల్సింది పెద్ద మిషన్ కాదు, ఒకే డాక్టర్. తుంగభద్రకు అటువైపు ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో 'ఫ్యామిలీ డాక్టర్' పేరుతో ఒక విధానం మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టర్ నెలకు రెండుసార్లు అదే ఊరికి రావాలన్నది ప్లాన్. బీపీ, షుగర్ పేషెంట్ల కోసమని చెప్పినా, ముఖం గుర్తుపట్టే డాక్టర్ తేదీ ప్రకారం వస్తే భయస్తులకూ అదే మందు. తెలంగాణలో పల్లె దవాఖానాలు ఉన్నాయి. మీ దగ్గర్లో ఉంటే ప్రతిసారీ అక్కడికే, అదే ఫైల్‌తో వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు లక్షణాల లిస్టు చదవడంతో ఆగకుండా "సార్, నాకు జబ్బు ఉందేమోనన్న భయం ఎక్కువైంది" అని ఆ మాట కూడా చెప్పండి. మనవాళ్లు చెప్పనిది అదొక్కటే. మీరు చెప్పకపోతే ఐదు నిమిషాల ఓపీలో ఆయన కనిపెట్టలేడు.

లైట్ తీసుకోవచ్చా?

వద్దు. స్వీడన్‌లో 1997 నుంచి 2020 మధ్య ఈ సమస్య ఉందని తేలిన 4,129 మంది రికార్డులు చూశారు. స్పెషలిస్టుల దాకా వెళ్లిన తీవ్రమైన కేసులివి. 2023 డిసెంబర్‌లో వచ్చిన రిజల్ట్ ప్రకారం, చనిపోయినవాళ్ల సగటు వయసు వీళ్లలో 70 ఏళ్లు, మిగతావాళ్లలో 75. ఆత్మహత్య ముప్పు నాలుగింతలు. భయస్తులు చదివే స్టోరీలో ఈ నంబర్ పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా. పెట్టింది మీకోసం కాదు, "దానికేం లేదులే" అనే ఇంట్లోవాళ్ల కోసం.

పైగా దీనికి ట్రీట్‌మెంట్ ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అవసరమైతే మందులు. బ్రిటన్‌లో 444 మందితో చేసి 2014లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో 5 నుంచి 10 సెషన్లకే మంచి మార్పు కనిపించింది, రెండేళ్ల తర్వాత కూడా అది నిలిచింది. ఆ సెషన్లు చేసింది పెద్ద నిపుణులు కాదు, నర్సుల్లాంటి ట్రైనింగ్ తీసుకున్న సిబ్బంది.

ఒక జాగ్రత్త. భయస్తుడికి అసలు జబ్బు రాదని రూల్ లేదు. నడిస్తే ఎక్కువయ్యే ఛాతీ నొప్పి, చెమటలతో చేతికి, దవడకు పాకే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతిలో, దగ్గులో లేదా మలంలో రక్తం, ఒకవైపు కాలు చెయ్యి పడిపోవడం.. ఇవి కొత్తగా వస్తే ఇచ్చిన తేదీ కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండెపోటు, పక్షవాతం అనుమానమైతే 108కి ఫోన్ చేయండి.

మామూలు భయానికి, రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని లక్షణాలు వెతుకుతున్నారంటే.. అదే ఫోన్‌లో 14416 డయల్ చేయండి. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ అది. 24 గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.