చేదు కబురు చెప్పేదెలా?

'మీకు క్యాన్సర్' అన్న మాట వినడమే కాదు, చెప్పడమూ నరకమే. 1961లో అమెరికాలో ఓ సర్వే చేస్తే నూటికి 90 మంది వైద్యులు రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979 నాటికి 97 శాతం మంది చెప్పడమే మంచిదన్నారు. మరి ఎలా చెప్పాలో నేర్పిందెవరు?

ఆ లోటు తీర్చేందుకే వాల్టర్ బైల్, రాబర్ట్ బక్‌మన్ తదితర వైద్యులు 2000లో 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతిని ప్రకటించారు. ఏకాంతంగా కూర్చోవాలి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. ఆ తర్వాతే అసలు విషయం, తేలిక మాటల్లో. చికిత్స సంగతి చిట్టచివర. మధ్యలో ఉన్న అయిదో మెట్టే గండం. ఎదుటి మనిషి కన్నీళ్లు పెట్టుకోగానే డాక్టరుకీ గుండె బరువెక్కుతుంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గబగబా కీమో గురించి చెప్పడం మొదలెట్టేస్తారు. అక్కడ కాసేపు ఆగడమే అసలు విద్య.

మన దగ్గర ఇంకో చిక్కు. 'నాన్నకు చెప్పొద్దు డాక్టరుగారూ' అంటూ కొడుకు గది బయటే చేతులు పట్టుకుంటాడు. ఆ పెద్దాయనేమో క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు ఎప్పుడో చదివేసి ఉంటాడు! ఆయన్ని అడిగేవారే ఉండరు. 2019 నుంచి మన ఎంబీబీఎస్‌లోనూ రోగితో మాట్లాడే తీరు ఒక పాఠమైంది. ఆ బ్యాచ్‌లు ఇప్పుడిప్పుడే డాక్టర్లవుతున్నాయి.