లంఖణం పరమౌషధం — పిల్లికి మాత్రం కాదు

బొద్దుపిల్లిని చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. బూరెల్లాంటి బుగ్గలు, దిండులాంటి నడుము, మహారాజుల నడక! ఇంటికి వచ్చిన చుట్టం దాన్ని చూసి, "మీ ఇంట్లో పిల్లి కూడా నిండుగా ఉందే!" అంటే ఇల్లాలి మొహం వెలిగిపోతుంది. పిల్లి ఒంటిమీది కొవ్వు మన పెట్టుచేతికి యోగ్యతాపత్రం అనుకుంటాం.

అదే పిల్లిని ఏ జ్వరానికో, ఏ టీకాకో పశువైద్యుడి బల్ల ఎక్కించినప్పుడు కథ మారిపోతుంది. "ఇది ఉండవలసిన బరువు నాలుగున్నర కిలోలు. ఉన్నది ఆరు. తగ్గించకపోతే కష్టం" అంటాడాయన. యజమాని గుండె గుభేలుమంటుంది. ఇంటికి రాగానే ఆజ్ఞ జారీ అవుతుంది: "రేపటినుంచి దీనికి పస్తు. ఆకలి వేస్తే అదే సన్నబడుతుంది."

ప్రాణాపాయం ఉన్నది సరిగ్గా ఈ ఆజ్ఞలోనే. పిల్లి సన్నబడాలి, నిజమే. కాని మెల్లగా సన్నబడాలి. రోజూ తింటూనే సన్నబడాలి.

ఉట్టి దిగివచ్చింది

మన సామెతలలో పిల్లి ఎప్పుడూ ఆకలితో అల్లాడే జీవే. ఉట్టికేసి చూసి శాపాలు పెడుతుంది, కళ్ళు మూసుకొని దొంగపాలు తాగుతుంది. వెనకటి పెంకుటిళ్ళలో అది జీతం లేని కాపలాదారు. అటక మీదా, గాదె కిందా, గడ్డివాము పక్కనా రాత్రంతా మాటువేసి ఎలుకలు పట్టేది. ఒక చిట్టెలుకలో ఉండే శక్తి సుమారు 30 కాలరీలు. అలాంటివి రోజుకు ఏడెనిమిది దొరికితేగాని దాని కడుపు నిండదు. దొరికిన ప్రతి ఎలుకకూ తప్పించుకుపోయినవి ఎన్నో! తిన్న తిండి తిరుగుడుకే సరిపోయేది.

నేటి పిల్లికి ఆ బాధ లేదు. మూడు గదుల ఫ్లాటులో అది ఎలుకను బొమ్మలో తప్ప చూడదు. శాపాలు పెట్టకుండానే ఉట్టి నేలమీదికి దిగివచ్చింది. పొద్దున లేచేసరికి గిన్నె నిండా గింజలు. ఖాళీ అయితే మళ్ళీ నింపే చేతులు. దానికి తోడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లికి ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావలసిన శక్తి మాత్రం తగ్గుతుంది. ఆపరేషన్ మంచిదే, మానవద్దు. ఆ తరవాత కూడా పాత కొలతే పెడితే మాత్రం మిగిలినదంతా కొవ్వుగా పేరుకుంటుంది.

ఆ కొవ్వు చేసే హాని ఒకటి రెండు కాదు. స్థూలకాయం వచ్చిన పిల్లికి మధుమేహం వచ్చే ప్రమాదం మామూలు పిల్లికంటె సుమారు నాలుగు రెట్లు. బరువు మోయలేక కీళ్ళు అరుగుతాయి. వీపు దాకా నాలుక అందక, ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది. బొచ్చు ఉండలు కట్టి చర్మం పాడవుతుంది. శుభ్రతకు పేరుపడ్డ జంతువుకు ఇంతకంటె అవమానం ఏముంది?

చెయ్యి పెట్టి చూడండి

మీ పిల్లి బొద్దుగా ఉన్నదో, నిజంగా బలిసిందో తెలుసుకోవడానికి యంత్రమేదీ అక్కరలేదు. దాని పక్కటెముకల మీద అరచేతిని తేలికగా ఆనించి నిమరండి. మన చేతి వెనకవైపు వేళ్ళతో రాస్తే సన్నని ఎముకలు తగులుతాయి చూడండి, అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగిస్తే పొడుచుకొచ్చే కణుపుల్లా తగిలితే బక్కచిక్కినట్టు. గట్టిగా నొక్కితేగాని ఎముక జాడ దొరకకపోతే కొవ్వు పట్టినట్టు. పైనుంచి చూస్తే నడుము దగ్గర కొంచెం లోపలికి నొక్కుకొని కనపడాలి.

ఒక్క మాట. వెనక కాళ్ళ ముందు, పొట్ట కింద వదులుగా ఊగే తోలు సన్నపిల్లికీ ఉంటుంది. అది సహజం, దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

పశువైద్యులు ఒళ్ళు ఎలా ఉన్నదో చూసి 9 మార్కుల కొలతతో లెక్క వేస్తారు. దానిలో 5 వస్తే ఫస్టుక్లాసు! 5 దాటి పెరిగే ఒక్కొక్క మార్కుకు సుమారు నూటికి పది వంతుల బరువు ఎక్కువ ఉన్నట్టు లెక్క. పరీక్షలలో ఎక్కువ మార్కులు వస్తే విచారించవలసినది ఇక్కడ ఒక్కచోటే.

పస్తు ఎందుకు పనికిరాదు?

"లంఖణం పరమౌషధం" అని మన పెద్దలు అన్నారు. అజీర్ణం చేసిన మనిషికి ఒక పూట మానిపిస్తే మేలే కావచ్చు. పిల్లి శరీరం తీరు వేరు.

పిల్లి పుట్టు మాంసాహారి. దాని కాలేయం నిత్యం మాంసకృత్తులను ఖర్చు పెడుతూ బతకడానికి అలవాటుపడ్డది. తిండి ఆగిపోతే శరీరం నిలవ ఉన్న కొవ్వును కరిగించి కాలేయానికి పంపుతుంది. బలిసిన పిల్లిలో ఆ నిలవ ఎక్కువ కాబట్టి కొవ్వు వరదలా వచ్చిపడుతుంది. దాన్ని సర్ది బయటికి పంపడానికి మాంసకృత్తులు కావాలి. పస్తులో అవి ఎక్కడినుంచి వస్తాయి? కొవ్వంతా కాలేయంలోనే పేరుకుపోయి, అది పని చేయడం మానేస్తుంది. దానితో వికారం పుడుతుంది. వికారం వల్ల పిల్లి పెట్టిన తిండి కూడా ముట్టదు. ముట్టకపోవడం వల్ల ఇంకా కొవ్వు చేరుతుంది. ఇది విషవలయం.

ఇదంతా జరగడానికి నెలలు పట్టదు. బలిసిన పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే చాలు, ఈ జబ్బు మొదలు కావచ్చు. నీరసం, వాంతులు, చొంగ కారడం, కళ్ళలోనూ చిగుళ్ళలోనూ చెవుల లోపలి చర్మంలోనూ పసుపు రంగు దీని గుర్తులు. అప్పుడు గొట్టం ద్వారా వారాల తరబడి ఆహారం ఎక్కించవలసి వస్తుంది. సకాలంలో వైద్యం అందితే చాలా పిల్లులు కోలుకుంటాయి. అందకపోతే ప్రాణం దక్కడం కష్టం.

అందుచేత ఈ నియమం గోడమీద రాసి పెట్టుకోదగ్గది: పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చెప్పాలి. రెండో రోజూ ముట్టకపోతే ఇహ ఒక్క గంట కూడా ఆగకూడదు. "అలిగింది, రేపు తింటుందిలే" అనుకోవద్దు. కొత్త ఆహారం నచ్చక అలిగినా ఇదే నియమం. పట్టుదలకు పోక పాత ఆహారం పెట్టేయాలి.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసినదే. రాయలవారు పిల్లితోపాటు పాలకోసం ఆవును కూడా ఇస్తే, ఆయన మరిగే పాలు పెట్టి దాని మూతి కాల్చాడట. అప్పటినుంచి అది పాలను చూస్తే పరారే. కథగా నవ్వుకోవడానికి బాగానే ఉన్నది. మన ఇంటి పిల్లిని సన్నబరచడానికి మాత్రం బెదిరించడమూ, మాడ్చడమూ మార్గాలు కావు.

పెట్టేవారు ఎందరు?

మహాభారతాన్ని తెనిగించడానికి కవిత్రయం సరిపోయింది. పిల్లి పొట్ట పెంచడానికి ఒక్కొక్క ఇంట్లో అయిదుగురు కావలసి వస్తున్నారు! తెల్లవారుజామున తాతగారు తన కాఫీపాలలోంచి కాసిని పోస్తారు. మామ్మగారు నేతిముద్ద పెడతారు. పిల్లలు బల్లకింద బిస్కట్లు జారవిడుస్తారు. ఇల్లాలు గిన్నెలో గింజలు నింపుతుంది. ఆఫీసునుంచి వచ్చిన అయ్యగారు, "పాపం, దీనికి ఎవరూ ఏమీ పెట్టినట్టు లేరు" అని మళ్ళీ నింపుతారు. ఎవరి లెక్క వారిది; అందరి లెక్కా పిల్లి ఒంటిమీద.

ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం. నాలుగున్నర కిలోలకు దిగవలసిన పిల్లికి, తగ్గే రోజుల్లో, దినానికి సుమారు 170 కాలరీలు చాలు. 100 మిల్లీలీటర్ల గేదెపాలలో సుమారు 100 ఉన్నాయి. ఒక చెంచా నేతిలో 45. రెండు మారీ బిస్కట్లలో 50. కూడితే 195. దాని అసలు భోజనం గిన్నెలో పడకముందే రోజు బత్తెం దాటిపోయింది!

పైగా పాలు పిల్లికి అమృతమన్నది మన నమ్మకమే. పెద్దయిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర సరిగా జీర్ణం కాదు, విరేచనాలవుతాయి. దానికి కావలసిన పానీయం మంచినీళ్ళు.

ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి?

ముందుగా డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్ష చేసి మధుమేహంవంటివి లేవని ఆయన చెప్పిన తరవాతే పథ్యం మొదలుపెట్టాలి. మన ప్రాంతంలో రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలలో వైద్యం కూడా చేస్తారు. చూలుతో ఉన్న పిల్లికీ, పాలిచ్చే తల్లికీ, ఎదిగే కూనలకూ పథ్యం పెట్టకూడదు.

తగ్గే వేగం వారానికి ఒంటి బరువులో నూటికి అర వంతునుంచి ఒక వంతు దాకా. అంటే ఆరు కిలోల పిల్లి వారానికి 30 నుంచి 60 గ్రాములు తగ్గితే చాలు. నాలుగున్నరకు రావడానికి ఆరేడు నెలలు పట్టవచ్చు, ఏడాది అయినా పట్టవచ్చు. నూటికి రెండు వంతులు మించి తగ్గుతున్నదంటే ఆహారం చాలడం లేదన్నమాట.

మామూలు గింజల ఆహారంలో 100 గ్రాములకు 350 నుంచి 400 కాలరీలు ఉంటాయి. మన లెక్కకు రోజుకు 45 గ్రాములకు మించదు. కంటికి అది గుప్పెడే. అందుకే కొలగిన్నెను నమ్మక వంటింటి త్రాసులో తూచి పెట్టాలి. సంచుల్లో దొరికే తడి ఆహారంలో నీరు ఎక్కువ, 100 గ్రాములకు 70 నుంచి 100 కాలరీలే. కడుపు నిండినట్టుంటుంది, నీళ్ళూ లోపలికి పోతాయి. అయితే మామూలు ఆహారాన్నే బాగా తగ్గించేస్తే మాంసకృత్తులూ, విటమినులూ తగ్గిపోతాయి. దీనికోసమే మాంసకృత్తులు ఎక్కువగా, కాలరీలు తక్కువగా ఉండే ప్రత్యేక ఆహారం తయారవుతున్నది. ఏది తగునో డాక్టరు చెబుతారు. కొత్త ఆహారాన్ని ఒక్కసారిగా కాక, పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ ఏడునుంచి పది రోజుల్లో మార్చాలి.

శాకాహారుల ఇళ్ళలో ఒక చిక్కు ఉన్నది. "మా పిల్లి పెరుగన్నం తప్ప ముట్టదు" అని గర్వంగా చెప్పుకునేవారు కద్దు. పిల్లికి టారిన్ అనే పదార్థం ఆహారంలోనే దొరకాలి. అది మాంసంలోనూ చేపలోనూ ఉంటుంది, మొక్కలలో దాదాపు ఉండదు. అది లోపిస్తే కంటి చూపు పోతుంది. గుండె కండరం కూడా బలహీనమవుతుందని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. పెరుగన్నపు పిల్లి లావుగా ఉండవచ్చు, పుష్టిగా మాత్రం ఉండదు. ఇంట్లో మాంసం వండనివారు టారిన్ చేర్చిన తయారీ ఆహారం పొట్లాలు తెచ్చి పెట్టడమే మార్గం. వండేవారు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క అప్పుడప్పుడు పెట్టవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ పులుసు మాత్రం వద్దు. అవి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను చిదిమేస్తాయి.

ఏడుపుకు లొంగకండి

పథ్యంలో కష్టమంతా పిల్లిది కాదు, మనది. తెల్లవారుజామున నాలుగింటికి అది మంచం పక్కన చేరి మొదలుపెట్టే రాగానికి ఎంత రాతిగుండె అయినా కరుగుతుంది. ఒక్కసారి లేచి పెట్టారా, ఏడిస్తే తిండి వస్తుందని అది పాఠం నేర్చుకుంటుంది. కాబట్టి రోజు బత్తెం పొద్దున్నే తూచి ఒక డబ్బాలో పోయండి. దాన్ని నాలుగైదు భాగాలు చేసి వేళకు పెట్టండి. చివరిది మీరు పడుకోబోయే ముందు. ఇంట్లో ఎవరు ఏమి పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. తాతగారి ముచ్చటా తీరుతుంది, లెక్కా తప్పదు. రెండు పిల్లులుంటే వేరువేరు గదుల్లో పెట్టకపోతే ఒకదాని పథ్యం రెండోదానికి విందు అవుతుంది.

పదిహేను రోజులకొకసారి బుట్టలో కూర్చోబెట్టి, గ్రాములు చూపే త్రాసులో తూచి రాసిపెట్టండి. మనుషుల త్రాసు మీద 50 గ్రాముల తేడా తెలియదు.

ప్రేమ చూపడానికి తిండి ఒక్కటే దారి కాదు. రోజుకు రెండు మూడుసార్లు అయిదేసి నిమిషాలు దారానికి కాగితపుండ కట్టి ఆడించండి. ఆట అయ్యాక దారం తీసి దాచండి, మింగితే ప్రమాదం. గింజలను గిన్నెలో పోయక అక్కడక్కడ దాచి వెతుక్కోనివ్వండి. దువ్వెనతో వీపు దువ్వండి. తనకు అందని చోట మీరు దువ్వితే అది పరవశించిపోతుంది.

సంస్కృతంలో లంఘనమన్న మాటే మన నోట లంఖణమయింది. దానికి పస్తుండడమని ఒక అర్థం, దూకడమని మరొక అర్థం. నాలుగైదు నెలల ఓపిక తరవాత ఒకనాడు మీ పిల్లి, ఎవరూ ఎత్తకుండానే, కిటికీ గట్టు మీదికి ఒక్క ఊపున లంఘించి, అక్కడ కూర్చుని తీరిగ్గా వీపు నాక్కుంటుంది. పిల్లికి పరమౌషధమైన లంఘనం అదీ.