పాలపిట్ట దాకా అందే లెన్స్, కెమెరాకు కుదిరే లెన్స్

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సాగయ్యే వరి మాగాణులు, ఊరూరా ఉన్న చెరువులు, దక్షిణాన పారే కృష్ణానది కలిసి సూర్యాపేట జిల్లా పాలకీడు పరిసరాలను, అటు మిర్యాలగూడ, ఇటు కోదాడ దాకా, పక్షులకు ఆలవాలంగా నిలిపాయి. నాట్ల వేళ దమ్ము చేసిన మళ్లలో తెల్లకొంగలు, కాలువ గట్ల మీద లకుముకి పిట్టలు, కరెంటు తీగల మీద పాలపిట్టలు కనిపించని రోజు ఇక్కడ అరుదు. వీటిని ఫొటో తీయాలనుకునే వారికి కెమెరాతో పాటు వచ్చే చిన్న లెన్స్ చాలదు. అందుకు సూపర్ టెలిఫోటో జూమ్ కావాలి. దూరం నుంచి వచ్చే కాంతి కిరణాలు కేంద్రీకృతమయ్యే చోటికి, లెన్స్‌కు మధ్య ఉండే దూరాన్ని భౌతికశాస్త్రం నాభ్యంతరం అంటుంది. ఈ నాభ్యంతరాన్ని తిప్పి పెంచుకుంటూ 400 మి.మీ. వరకు లేదా అంతకు మించి తీసుకుపోగలిగిన లెన్స్‌కే వ్యవహారంలో ఆ పేరు. ఇలాంటి లెన్స్ కొనే ముందు దుకాణంలో వినిపించే మొదటి ప్రశ్న ధర గురించే ఉంటుంది గాని, మొదట తేల్చుకోవలసింది అది తమ కెమెరాతో అన్ని విధాలా కుదురుతుందా లేదా అన్న సంగతి.

ఎంత పొడవు లెన్స్ కావాలన్నది పాలపిట్టనే కొలతగా పెట్టుకొని చూడవచ్చు. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఈ పిట్ట ముక్కు నుంచి తోక వరకు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే అడుగు పొడవు ఉంటుంది. అది 30 మీటర్ల దూరంలో తీగ మీద వాలి ఉంటే, ఆ దూరంలో పిట్ట పొడవు నూరో వంతు కనుక, కెమెరా లోపల కాంతిని గ్రహించే సెన్సర్ మీద దాని ప్రతిబింబం కూడా నాభ్యంతరంలో నూరో వంతే పడుతుంది. 300 మి.మీ. లెన్స్‌తో 3 మి.మీ., 600 మి.మీ. లెన్స్‌తో 6 మి.మీ. అన్నమాట. చాలామంది వాడే ఏపీఎస్-సీ రకం సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ.; 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఆ వెడల్పున 6,000 బిందువులు ఉంటాయి కాబట్టి, 6 మి.మీ. పిట్టకు దాదాపు 1,500 బిందువులు దక్కుతాయి. అన్నే మెగాపిక్సెళ్లున్న 36 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద అదే పిట్టకు 1,000 బిందువులే దక్కుతాయి. చిన్న సెన్సర్ కెమెరాలో 600 మి.మీ. లెన్స్ 900 మి.మీ. అవుతుందని చెప్పే మాటలో ఉన్న నిజం ఇంతే: ప్రతిబింబం పెరగదు, దాని చుట్టూ ఉన్న పరిసరం మాత్రమే కత్తిరించుకుపోతుంది. తక్కువ ధర కెమెరా ఉన్నవారు పక్షుల ఫొటోల విషయంలో చిన్నబోవలసిన అవసరం లేదనటానికి ఈ లెక్కే ఆధారం.

ఇక కుదరటం అన్న మాటకు వస్తే, లెన్స్‌ను కెమెరాకు బిగించే లోహపు వలయాన్ని మౌంట్ అంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత, పైగా ఒకే కంపెనీలో కూడా పాతదీ కొత్తదీ వేరు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాలో ఆ అద్దం పైకి లేచి దిగటానికి చోటు కావాలి కనుక మౌంట్‌కు, సెన్సర్‌కు మధ్య కానన్ 44 మి.మీ., నికాన్ 46.5 మి.మీ. వదిలాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు 2018లో వచ్చిన కానన్ ఆర్ఎఫ్, నికాన్ జడ్ మౌంట్లలో ఆ దూరం 20 మి.మీ., 16 మి.మీ.కు తగ్గిపోయింది. అందువల్ల పాత లెన్స్‌ను అడాప్టర్ అనే నడిమి వలయంతో కొత్త కెమెరాకు తగిలించవచ్చు. తేడాగా మిగిలిన చోటును ఆ వలయం భర్తీ చేస్తుంది. కొత్త లెన్స్‌ను పాత కెమెరాకు మాత్రం ఏ వలయమూ కుదర్చలేదు, ఎందుకంటే అక్కడ తగ్గించవలసింది కెమెరా మందమే. ఈ ఒక్క సంగతి తెలియక కొత్త లెన్స్ కొని తెచ్చుకుంటే, ఇంట్లో ఉన్న డీఎస్ఎల్ఆర్‌కు అది ఏ విధంగానూ పనికిరాదు.

మౌంట్ కలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కానన్ 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడే ఫోకస్ చేసే మోటారును లెన్స్‌లోనే పెట్టింది కాబట్టి ఆ కుటుంబంలో చిక్కులు తక్కువ. నికాన్ మాత్రం 1959 నాటి ఎఫ్ మౌంట్‌ను దశాబ్దాల పాటు కొనసాగించి, దానిలోనే ఒక్కో మార్పు చేస్తూ వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికే నికాన్ పాత ఏఎఫ్ 80–400 లెన్స్‌లో మోటారు లేదు. కెమెరాలోని మోటారు ఒక చిన్న మరను తిప్పితేనే అది ఫోకస్ అవుతుంది. డీ90, డీ7000 వంటి కెమెరాలలో ఆ మోటారు ఉంది గాని, డీ3000, డీ5000 వరుసల కెమెరాలలో లేదు. వాటికి ఈ లెన్స్ చక్కగా బిగుసుకుంటుంది, ఫోకస్ మాత్రం చేత్తోనే తిప్పుకోవాలి, ఎగిరే పిట్టకు అది దాదాపు అసాధ్యం. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య 2015లో వచ్చిన నికాన్ 200–500 లెన్స్‌ది. దీనిలో మోటారు ఉంది. అయితే కాంతి ద్వారాన్ని, అంటే ఎపర్చర్‌ను, ఇది పాత పద్ధతిలో మీటతో కాక విద్యుత్ సంకేతంతో ముడుస్తుంది. ఆ సంకేతాన్ని పంపలేని డీ90, డీ3000 వంటి కెమెరాల మీద ద్వారం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండిపోతుంది. ఒకే డీ90కి పాత లెన్స్ పనిచేసి కొత్తది సరిగా పనిచేయకపోవటం చూస్తే, కంపెనీ పేరు చూసి కొనటం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150–600 లెన్స్‌లు కెమెరా కంపెనీల సొంత లెన్స్‌ల కన్నా తక్కువ ధరలో పక్షుల ఫొటోగ్రఫీని సామాన్యుల దగ్గరకు తెచ్చాయి, ఆ మేలు చిన్నది కాదు. వాటిని ఒక్కో మౌంట్‌కు వేరుగా తయారు చేస్తారు కనుక పెట్టె మీద మౌంట్ పేరు చదవాలి. తరువాత వచ్చిన కెమెరాతో అవి సరిగా మాట్లాడాలంటే లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయవలసి రావచ్చు. మిర్రర్‌లెస్ వారికి సోనీ 200–600, నికాన్ జడ్ 180–600, కానన్ ఆర్ఎఫ్ 100–500, 200–800 ఉన్నాయి.

కాంతి సంగతి కూడా కెమెరాతో ముడిపడినదే. ఎఫ్/6.3 అంటే నాభ్యంతరాన్ని 6.3తో భాగిస్తే వచ్చేంత వెడల్పు ద్వారమని అర్థం, 600 మి.మీ.కు అది 95 మి.మీ. అవుతుంది, ఈ లెన్స్‌లలో చాలావాటి ముందు బిగించే ఫిల్టర్ కొలత 95 మి.మీ. కావటానికి కారణం అదే. అంత పెద్ద గాజు పెట్టినా, ముసురు పట్టిన సాయంత్రం ఈ కాంతి చాలదు. పైగా చాలా డీఎస్ఎల్ఆర్‌ల ఫోకస్ వ్యవస్థను ఎఫ్/5.6 వరకు పనిచేసేలా రూపొందించారు, కొన్నింటిది ఎఫ్/8 వరకు వస్తుంది. దూరం ఇంకా పెంచటానికి 1.4 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అయి, వాటిలో ఫోకస్ నిలిచిపోవచ్చు. మిర్రర్‌లెస్‌లో ఈ ఇబ్బంది తక్కువ.

రెండు కిలోలకు అటూ ఇటూగా తూగే లెన్స్‌ను చేతితో ఎంతోసేపు నిలపలేరు కాబట్టి, దాని మెడకు ఉండే పట్టీని స్టాండుకు బిగించాలి గాని కెమెరాను బిగించి లెన్స్‌ను వేలాడనివ్వకూడదు. ఆ బరువు మౌంట్‌ను వంచుతుంది. ఈ ప్రాంతంలో అందరికీ అందుబాటులో ఉన్న ఆసరా మరొకటి ఉంది. గట్టి గుడ్డ సంచిలో రెండు మూడు కిలోల వడ్లు పోసి మూతి కుట్టి, కారు కిటికీ అంచు మీదనో పొలం గట్టు మీదనో పెట్టి దానిలో లెన్స్‌ను అదిమితే, అది లెన్స్ ఆకారానికి ఒదిగి కదలకుండా పట్టుకుంటుంది. ఇక ఎండాకాలం తొమ్మిది దాటాక నేల మీది వేడి గాలి కదలికకు దూరపు పిట్ట అంచులు అలలుగా చెదిరిపోతాయి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దానిని సరిచేయలేదు.

కొనబోయే రోజున తమ కెమెరాను, నిండా చార్జి చేసిన బ్యాటరీని, మెమరీ కార్డును వెంట తీసుకుపోయి, లెన్స్ బిగించి, దుకాణం బయట దూరపు బోర్డు మీద ఫోకస్ చేసి, ఎపర్చర్ అంకె మారుస్తూ నాలుగైదు ఫొటోలు తీసి, వెలుతురులో తేడా వస్తున్నదో లేదో చూడాలి. పాత లెన్స్ అయితే వెనుక నుంచి టార్చి వేసి గాజులో సాలెగూడు లాంటి ఫంగస్ పోగులు ఉన్నాయేమో పరిశీలించాలి. ఏ కెమెరాకైనా పనిచేస్తుందని అమ్మేవారు ఇచ్చే నోటి మాట ఈ పరీక్షకు బదులు కాదు.

లెన్స్ చేతికి వచ్చాక పాఠకులకు ఒక మనవి. వేసవిలో పాలపిట్ట చెట్టు తొర్రలలో, మోడువారిన తాటిమానుల బొరియలలో గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో దాని చోటు తెలిసినా దగ్గరకు పోవద్దు, 30 మీటర్ల దూరంలోనే నిలబడండి. దసరాకు పంజరంలో తెచ్చి చూపే పాలపిట్టను ఫొటో తీయవద్దు; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టి బంధించటం నేరం, అలాంటిది కనబడితే అటవీ శాఖకు తెలియజేయండి.