పుస్తకముల బీరువా

మన పూర్వుల యిండ్లలో వస్తువులను దాచుకొనుటకు గోడలలో గూళ్లును, ధాన్యమునకు గాదెలును, విలువగల వస్తువులకు భోషాణములును ఉండెడివి. తాటాకు గ్రంథములను బట్టలో చుట్టి అటుకమీద భద్రపరచెడివారు. అచ్చు పుస్తకములు పెరిగిన కొలది వానిని నిలువుగా నుంచి, పేరు చూచి తీసికొనుటకు వీలయిన అరలు కావలసి వచ్చినవి. అలమార యను మాట పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. ఆ మాటవలెనే ఆ వస్తువును నేడు మన యిండ్లలో స్థిరపడినది.

బాలబాలికలారా! చదువుకొనువారి యింట పుస్తకములకొక చోటు ఉండవలెను. నేలమీద పడియున్న పుస్తకమునకు చెదల భయము, చెమ్మ భయము, పసిబిడ్డల భయము కలవు. మూడు అరలు, రెండు సొరుగులు గల చిన్న బీరువాను పెద్దల తోడ్పాటుతో ఇంటియొద్దనే చేసికొనవచ్చును. దానిని ఎట్లు చేయవలెనో, ప్రతి పనికిని కారణమేమో ఈ పాఠమున తెలిసికొందము.

మొదట నేను చేసిన తప్పును చెప్పెదను. ఉపాధ్యాయుడనుగా చేరిన తొలి యేడు, వేసవి సెలవులలో, మా పల్లె పాఠశాలకు సొరుగు గల బీరువా నొకదానిని స్వయముగా చేసితిని. సొరుగు వెండ్రుకవాసి సందు లేకుండ బిగువుగా అమరినది. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. నేనును గర్వపడితిని. శ్రావణమాసమున ముసురు పట్టినది. ఒకనాడు ఒక బాలుడు తన బదిలీపత్రమునకై తండ్రితో వచ్చెను. పట్టణములోని వసతిగృహమున చేరుటకు వానికి ఆ దినమే గడువు. పత్రము సొరుగులో నున్నది. సొరుగు రాలేదు. ఇద్దరము కలిసి లాగితిమి. పిడి ఊడి చేతికి వచ్చినదేగాని సొరుగు కదలలేదు. బస్సునకు గంట వ్యవధి మాత్రమే యున్నది. బాలుని తండ్రి వాకిట నిలిచి నావంక చూచుచుండెను. ఆ చూపును నేనిప్పటికిని మరువలేదు.

ఊరి వడ్రంగికి కబురంపితిని. ఆయన వృద్ధుడు. వచ్చి, సొరుగును తాకి చూచి, ఇక లాగవలదనెను. బీరువాను గోడనుండి ముందునకు జరిపించి, వెనుక పలకల మేకులను పెరికి, లోపలినుండి కొయ్యసుత్తితో మెల్లమెల్లగా తట్టెను. సొరుగు ముందునకు వచ్చినది. బాలుడు పత్రమును చేతబట్టుకొని బస్సునకు పరుగెత్తెను. వాని కాలిసవ్వడి దూరమైన పిదపగాని నాకు ఊపిరి తిరుగలేదు.

"ఆచారిగారూ! కొలత తప్పలేదు గదా, ఇట్లేల జరిగినది?" అని అడిగితిని.

ఆయన నవ్వి, "కొలత తప్పలేదు పంతులుగారూ, కాలము తప్పినది. ఎండలో కొలిచిన కొయ్య వానలో ఆ కొలతకు నిలువదు. చెట్టు చచ్చినను కొయ్య ఊపిరి తీయుచునే యుండును. దానికి కొంచెము చోటు విడువవలెను" అనెను.

ఆ వృద్ధుని మాటలో గొప్ప ప్రకృతి సత్యము కలదు. కొయ్య యనునది సన్నని గొట్టముల కట్ట వంటిది. ఈ పోగులు చెట్టు నిలువువెంట ఉండును. గాలిలో తేమ పెరిగినపుడు పోగుల గోడలు నీటిని పీల్చి లావగును. తేమ తగ్గినపుడు మరల సన్నబడును. అందుచేత పలక వెడల్పు ఋతువులనుబట్టి మారును. పొడవు మాత్రము దాదాపు మారదు. 12 సెంటీమీటర్ల వెడల్పు గల టేకుపలక మండువేసవికిని వానకాలమునకును నడుమ సుమారు ఒక మిల్లీమీటరు, ఒక్కొక్కచో అంతకంటె కొంచెము ఎక్కువ, పెరుగవచ్చును. సొరుగు ప్రక్కపలకలలో పోగులు పొడవువెంట పోవును గనుక వానలలో సొరుగు ఎత్తు పెరుగును. నా సొరుగు పైబల్లను ఒత్తుకొని నిలిచిపోవుటకు కారణమిదియే. పలుచని పొరలను ఒకదాని పోగులకు మరియొకదాని పోగులు అడ్డముగా నుండునట్లు అతికించిన ప్లైవుడ్డులో ఒక పొర పెరుగకుండ మరియొక పొర అడ్డుకొనును. కనుక అది చాల తక్కువగా మారును.

ఇక కొయ్యను ఎన్నుకొనుట. చెట్టు మ్రాను నడిమి భాగమున రంగు తేరి గట్టిపడిన దానిని చేవ యందురు. దాని చుట్టును ఉండు తెల్లని భాగమునకు పురుగు సులభముగా పట్టును. చేవగల మనిషి యని మనము వాడు మాట ఇందుండియే వచ్చినది. టేకుచేవలో చెదలకు గిట్టని పదార్థములు సహజముగా నుండును. అందుచేతనే దానికి అంత విలువ. వేప, పనస, మద్ది కొయ్యలును గృహోపకరణములకు వాడుదురు. మామిడికొయ్య చవుకైనదే గాని దానిని పురుగునుండి కాపాడుకొనవలెను. ఏ పనికి ఆ కొయ్య తగియుండును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి మిక్కిలి తేలికయైనది, మెత్తనిది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడు అంకుడుకొయ్య తిరుగుడుపనికి అనుకూలమైనది. కాని పుస్తకముల బరువును మోయవలసిన అరకు పొణికికొయ్య పనికిరాదు.

పచ్చికొయ్యతో ఎన్నడును పని మొదలుపెట్టరాదు. కోసిన పలకలను నీడలో, నేలకు తగులకుండ, ఒకదానికొకటి నడుమ సన్నని పుల్లలనుంచి పేర్చవలెను. గాలి అన్ని వైపులను ఆడి కొయ్య సమముగా ఆరును. పలకల కొనలు త్వరగా ఆరి పగులును గనుక కొనలకు రంగుగాని మైనముగాని పూయుదురు. అందరికిని ఇంత ఓపిక, చోటు ఉండవు. అట్టివారు అడితిలో బాగుగా ఆరిన కొయ్యనే అడిగి తెచ్చుకొనుట మేలు.

ఇప్పుడు కొలతలు. మన దేశమున 1956వ సంవత్సరపు చట్టముచే మెట్రిక్ కొలతలు వచ్చినను వడ్రంగులు నేటికిని అడుగులు, అంగుళములు అను మాటలు వాడుచుందురు. ఒక అంగుళమునకు 2.54 సెంటీమీటర్లు. మన బీరువా ఎత్తు 120, వెడల్పు 80, లోతు 30 సెంటీమీటర్లు అనుకొందము. పలకల మందము 2 సెంటీమీటర్లు. క్రిందినుండి లెక్కించిన, నేలకును అడుగుబల్లకును నడుమ 10, అడుగుబల్ల 2, సొరుగుల చోటు 15, దానిపై బల్ల 2, పెద్ద పుస్తకముల అర 33, బల్ల 2, నడిమి అర 28, బల్ల 2, పై అర 24, పైబల్ల 2. కూడి చూడుడు, సరిగా 120 వచ్చును.

అడ్డబల్లల పొడవెంత? 80 అని చెప్పుటకు తొందరపడవలదు. రెండు ప్రక్కపలకల మందము 4 తీసివేయగా లోపలి వెడల్పు 76. కాని బల్లలను మేకులతో మాత్రమే నిలిపినచో బరువంతయు మేకులపై పడును. అందుచేత ప్రక్కపలకలలో 6 మిల్లీమీటర్ల లోతున గాడులు తీసి, బల్లల కొనలను ఆ గాడులలో కూర్చుండబెట్టవలెను. అపుడు బరువును గాడి అంచు మోయును. రెండు వైపుల గాడులకును 1.2 సెంటీమీటర్లు చేర్చిన బల్ల పొడవు 77.2 సెంటీమీటర్లు. ఇట్టి బల్లలు అయిదు, 120 సెంటీమీటర్ల ప్రక్కపలకలు రెండు కావలెను. సొరుగుల నడిమి పలకను, రంపపుకోతలో పొట్టుగా పోవు భాగమును కలుపుకొని, 30 సెంటీమీటర్ల వెడల్పు గల పలక 7 మీటర్లు తెచ్చుకొనిన చాలును. సొరుగులకును వెనుకకును కొయ్య వేరుగా కావలెను.

కొందరు పొడవైన అర అందముగా నుండునని ఒకటిన్నర మీటర్ల బల్ల వేయుదురు. కొన్ని నెలలకే అది ఉయ్యాలవలె వంగును. ఒక మీటరు పొడవున ఒత్తుగా పేర్చిన పుస్తకములు 20 కిలోగ్రాములకు పైగా తూగవచ్చును. బల్లనిండ పుస్తకములున్నపుడు దాని పొడవును రెట్టింపు చేసినచో వంపు రెట్టింపగుటతో ఆగదు, పదునారు రెట్లగును. మందమును రెట్టింపు చేసినచో వంపు ఎనిమిదవ వంతునకు తగ్గును. కనుక 2 సెంటీమీటర్ల బల్లకు 76 సెంటీమీటర్ల యెడము చాలినంత.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. రంపము, చిత్రిక, ఉలి, సుత్తి, కొయ్యసుత్తి, బరమా, మూలమట్టము, కొలబద్ద, పెన్సిలు ఉన్న చాలును. ముందుగా ప్రతి పలకను చిత్రికపట్టి నునుపు చేయవలెను. పిదప మూలమట్టముతో గీత గీయవలెను. గీత తప్పినచో చెరిపివేయవచ్చును, కోత తప్పినచో చెరుపలేము. రంపమును గీతకు వెలుపలి వైపున నడిపి, మిగిలిన దానిని చిత్రికతో సరిచేయవలెను. ఉలి పట్టినపుడు రెండు చేతులును దాని పదునునకు వెనుకనే యుండవలెను. ఈ నియమము తప్పినవారి వ్రేళ్లమీద మచ్చలు ఉండును.

గాడులలో జిగురు పూసి బల్లలను అమర్చవలెను. పూర్వము వడ్రంగులు పశువుల చర్మమును, ఎముకలను ఉడికించి తీసిన వజ్రమను జిగురును కాచి వాడెడివారు. ఇప్పుడు తెల్లని జిగురు సిద్ధముగా దొరకుచున్నది. అమర్చిన పిమ్మట బీరువా చుట్టును త్రాడు కట్టి, దానిలో పుల్లను దూర్చి మెలివేసినచో అతుకులు బిగియును. జిగురు ఆరులోగా మూలలు సరిగా నున్నవో లేవో చూడవలెను. దీర్ఘచతురస్రపు కర్ణములు రెండును సమానమని మీరు గణితమున చదువుకొన్నారు గదా! మన బీరువా ముందు భాగమున మూలనుండి మూలకు కొలిచిన రెండు కొలతలును 144.2 సెంటీమీటర్లు ఉండవలెను. ఒకటి ఎక్కువగా నున్నచో ఆ మూలలను దగ్గరకు నొక్కవలెను. పిదప వెనుక పలుచని ప్లైవుడ్డును మేకులతో బిగించినచో బీరువా ప్రక్కలకు ఒరగకుండ నిలుచును. కొనల దగ్గర మేకు కొట్టుటకు ముందు బరమాతో సన్నని బెజ్జము వేసినచో కొయ్య పగులదు.

సొరుగు ఈ పని యంతటిలో కష్టమైనది. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన సొరుగు లాగునపుడు ఒక ప్రక్కకు ఒరిగి పట్టుకొనును. అందుచేత నడుమ ఒక నిలువుపలకను నిలిపి రెండు సొరుగులు చేయుదుము. 76 నుండి ఆ పలక మందము 2 తీసివేయగా మిగిలిన 74లో ఒక్కొక్కదానికి 37 సెంటీమీటర్ల చోటు వచ్చును. సొరుగును 36.7 వెడల్పు, 14.7 ఎత్తు, 28 పొడవు ఉండునట్లు చేయవలెను. పైన విడిచిన మూడు మిల్లీమీటర్లే వానకాలపు చోటు. మనము లాగునపుడు బలమంతయు సొరుగు ముందుపలకపై పడును. ముందునుండి కొట్టిన మేకులు ఆ లాగుడుకు ఊడివచ్చును. కనుక మేకులను ప్రక్కనుండి కొట్టవలెను. చేయి తిరిగినవారు ప్రక్కపలకల కొనలను విచ్చుకొన్న పక్షితోకవలె పండ్లుగా చెక్కి, ముందుపలకలో వానికి తగిన గాడులు తీసి బిగింతురు. మేకు లేకున్నను ఆ అతుకు లాగినకొలది బిగియునేగాని వీడదు. అడుగుపలకను గాడిలో దూర్చి, జిగురు పెట్టక విడువవలెను. సొరుగు జారు చోట కొవ్వొత్తిని రుద్దినచో అది తేలికగా కదలును.

తుదకు గరుకుకాగితముతో పోగులవెంటనే రుద్ది, స్పిరిటులో కరగించిన లక్కనుగాని వార్నిషునుగాని పూయవలెను. ఈ పూత తేమ రాకపోకలను నెమ్మది పరచును. వెలుపల మాత్రమే పూసి లోపల విడిచినచో పలక ఒకవైపు పెరిగి వంకరపోవును. బీరువాను గోడకు కొంచెము ఎడముగా నిలిపి, పైభాగమును ఇనుపపట్టీతో గోడకు బిగించవలెను. పసిబిడ్డలు అరలు పట్టుకొని ఎక్కినపుడు అది మీద పడకుండ ఉండుటకు ఇది అవసరము. బరువైన పుస్తకములు క్రింది అరలోనే ఉండవలెను.

1937వ సంవత్సరమున వార్ధాలో జరిగిన విద్యామహాసభలో గాంధీ మహాత్ముడు చేతిపని ద్వారా చదువు నేర్పవలెనని చెప్పెను. ఈ బీరువాలో గణితము, ప్రకృతిశాస్త్రము, ఓర్పు మూడును ఉన్నవి. మీరు మొదట ఒక చిన్న పెట్టెతో ప్రారంభింపుడు. అది వంకరపోయినను విచారింపకుడు. మీ ఊరి వడ్రంగియొద్ద కూర్చుండి, ఆయన చేతులవంక చూడుడు.

ఆనాడు ఆ వృద్ధుడు నా సొరుగు పైఅంచును చిత్రికతో రెండు మిల్లీమీటర్లు తీసి, కొత్త పిడి వేసి, కూలి యిచ్చినను పుచ్చుకొనలేదు. "పిల్లవానికి బస్సు దొరకినదో లేదో కనుగొని చెప్పుడు, చాలును" అని వెడలిపోయెను. దొరకినదని మరునాడు తెలిసినది. ఆ మాట చెప్పుటకు నేనే ఆయన యింటికి వెళ్లితిని. నేను ఆ పాఠశాలలో నున్నంత కాలము ఏ వానకును ఆ సొరుగు మరల బిగియలేదు.