సిమ్స్ ఆట – మా ఇష్టానిష్టాలు

ఆట అనగానే మనకు గెలుపోటములు స్ఫురిస్తాయి. చదరంగంలో రాజు కట్టుబడాలి. పచ్చీసులో కాయలు పండాలి. కబడ్డీలో అవతలి జట్టు ఖాళీ కావాలి. అయితే గెలుపోటములు లేని ఆటలు మనకు లేవా అంటే, ఉన్నాయి. చిన్నపిల్లలు ఆడుకునే గుజ్జెనగూళ్ళలో గెలిచినవారెవరు, ఓడినవారెవరు? తెలుగిళ్ళలోని బొమ్మల పెళ్ళిళ్ళలోను, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోని గుడ్డా గుడియాల షాదీలోను పందెం ఉండదు. పెద్దల సంసారాన్ని కాసేపు తమ చేతుల్లోకి తీసుకుని చూసుకోవాలన్న ముచ్చట మాత్రమే ఉంటుంది. కంప్యూటరు మీద ఆడే ‘ద సిమ్స్’ ఈ కోవకు చెందినదే. దీనిని జీవితానుకరణ క్రీడ అనవచ్చు. దీని పుట్టుకను, నడకను కొంత వివరించి, ఇందులో మాకు నచ్చిన పద్ధతులను, మమ్మల్ని చికాకుపరిచే సంగతులను ఇక్కడ చెప్పదలచాము.

తెలుగు బోధించేవారికి ఈ గోల ఎందుకని మా విద్యార్థులు నవ్వుకోవచ్చు. ప్రబంధ నాయకుడికి విరహం కలుగుతుందే గాని, స్నానాలగదికి పరుగెత్తవలసిన అవసరం ఎన్నడూ కలగదు. సిమ్స్‌లో అది రోజుకు రెండుమూడు సార్లు కలుగుతుంది. మా ఆసక్తికి మొదటి కారణం అదే.

ఈ ఆటను రూపొందించినవారు అమెరికా దేశస్థుడైన విల్ రైట్. నగర నిర్మాణాన్ని ఆటగా మలచిన ‘సిమ్ సిటీ’ని 1989లో వెలువరించి ఆయన అప్పటికే పేరు పొందారు. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండలలో కార్చిచ్చు రేగి 25 మంది మరణించారు. వేలకొద్దీ ఇళ్ళు కాలిపోయాయి. కాలిన ఇళ్ళలో రైట్ గారిదీ ఒకటి. పోయిన సామానును మళ్ళీ ఒక్కొక్కటిగా సమకూర్చుకునే వేళ, మనిషికి ఏ వస్తువు ఎందుకు అవసరమన్న ఆలోచన ఆయనలో బలపడింది. తొలుత ఆయన తలపెట్టినది ఇల్లు కట్టే ఆట మాత్రమే. కట్టిన ఇల్లు బాగున్నదో లేదో తేల్చడానికి అందులో కొందరు మనుషులను ప్రవేశపెట్టారు. చివరకు ఇల్లు వెనక్కుపోయి మనుషులే ముఖ్యులైనారు. క్రిస్టఫర్ అలెగ్జాండరు ప్రభృతులు 1977లో ప్రకటించిన వాస్తు గ్రంథం ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’, మానవావసరాలను గూర్చి అబ్రహాం మాస్లో 1943లో చేసిన ప్రతిపాదన ఈ ఆటకు ప్రేరణలని ప్రసిద్ధం. మాక్సిస్ సంస్థ నిర్మించిన ఈ ఆట 2000 ఫిబ్రవరి 4న విడుదలై, రెండేళ్ళు తిరిగేసరికి అంతవరకు వచ్చిన కంప్యూటరు ఆటలన్నిటినీ అమ్మకాల్లో మించిపోయింది. దీని రెండవ రూపం 2004లోను, మూడవది 2009లోను, నాలుగవది 2014లోను వచ్చాయి.

ఇక నడక సంగతి. మొదటి ఆటలో ప్రతి సిమ్‌కు ఎనిమిది అవసరాలున్నాయి: ఆకలి, సుఖం, శుభ్రత, మలమూత్ర విసర్జన, శక్తి, వినోదం, సాంగత్యం, చుట్టూ ఉన్న గది అందచందాలు. ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క గీత. కాలం గడిచేకొద్దీ గీత తరిగిపోతుంది. మన గడియారంలో ఒక సెకను వారికి ఒక నిమిషం. అంటే, వేగం పెంచకుండా ఆడితే వారి దినమంతా మనకు 24 నిమిషాలలో ముగుస్తుంది.

తరిగిన గీతను నింపుకోవడానికి సిమ్ ఏం చేయాలో ఎవరు చెబుతారు? ఇందులో ఒక చమత్కారం ఉన్నది. తెలివి సిమ్‌లో లేదు, వస్తువులలో ఉన్నది. ‘నా వద్దకు వస్తే ఆకలి తీరుతుంది’ అని రిఫ్రిజిరేటరు లోలోపల చాటుతూ ఉంటుంది. ‘నా వద్ద అలసట తీరుతుంది’ అని మంచం, ‘నా వద్ద పొద్దుపోతుంది’ అని టెలివిజను చాటుతాయి. మన చెవికి వినరాని ఈ సంతలో సిమ్ తనకు అప్పటికి ఎక్కువ లాభం కనిపించిన పిలుపుల్లో ఒకదానికి లొంగుతాడు. ఖరీదైన మంచం తక్కువ సేపట్లో ఎక్కువ శక్తినిస్తుంది. ఖరీదైన కుర్చీ ఎక్కువ సుఖాన్నిస్తుంది. దీనిని బట్టి ఈ ఆట కొనుగోళ్ళ మోజును పెంచుతుందని కొందరి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో సగమే నిజమని మా అభిప్రాయం. వస్తువులు పెరిగేకొద్దీ అవి చెడిపోవడమూ పెరుగుతుంది; బాగుచేయించే పని పెరుగుతుంది; బిల్లులు పెరుగుతాయి; బిల్లు కట్టకపోతే జప్తు మనిషి వచ్చి సామాను ఎత్తుకుపోతాడు. ఇల్లు నిండిన పిమ్మట సిమ్‌కు కాలం చాలదు. ఇది మోజు పెంచడమో, దానిని ఎగతాళి చేయడమో ఆడేవారి చూపును బట్టి ఉంటుంది.

మా ఇష్టాలలో మొదటిది స్వేచ్ఛ. సిమ్‌లు తమంతట తాము ప్రవర్తించే వెసులుబాటును ఉంచుకోవచ్చు, తీసివేయవచ్చు. తీసివేస్తే మనం చెప్పేవరకు వారు ఆకలితో నిలబడే ఉంటారు. మేము ఎన్నడూ తీసివేయము. మొదటి ఆటలో మనిషి స్వభావాన్ని శుభ్రత, కలుపుగోలుతనం, చురుకు, ఆటపాటల సరదా, మంచితనం అనే అయిదింటికి 25 మార్కులు పంచి నిర్ణయిస్తారు. ఒకదానికి ఎక్కువ ఇస్తే మరొకదానికి తగ్గక తప్పదు. శుభ్రతకు సున్నా ఇచ్చిన మనిషి తిన్న పళ్ళెం తీయడు. అతడిని అలా చేసినది మనమే గనుక, గంటగంటకూ అతనిచేత పళ్ళేలు తీయించడం న్యాయం కాదని మా వాదన. తీస్తే తీస్తాడు, లేకపోతే ఈగలు ముసురుతాయి.

రెండవది బీద సంసారం. మొదటి ఆటలో కొత్త కుటుంబానికి 20,000 సిమోలియన్లు ఇస్తారు. అది వారి నాణెం. స్థలానికి పోగా మిగిలిన దానితో నాలుగు గోడలు, ఒక మంచం, ఒక పొయ్యి అమర్చుకుని మొదలుపెట్టడంలో ఉన్న రుచి మేడలో లేదు. ‘రోజ్‌బడ్’ అనే రహస్య పదాన్ని టైపు చేస్తే 1,000 సిమోలియన్లు ఊరికే వస్తాయని ఈ ఆట తెలిసిన ప్రతివారికీ తెలుసు. 1941 నాటి ‘సిటిజన్ కేన్’ చిత్రం చూసినవారికి ఆ పదం ఎందుకు పెట్టారో బోధపడుతుంది: సిరి అంతా ఉండి, బాల్యంలో పోగొట్టుకున్న దానికోసం అలమటించిన ధనికుని కథ అది. మేము ఆ పదం వాడము. వాడేవారిని తప్పుపట్టము గాని, పది నిమిషాలలో రాజప్రాసాదం లేపి, పదకొండవ నిమిషంలో ‘విసుగు పుట్టింది’ అనేవారి మాటకు విలువ ఇవ్వము.

ఈతకొలను నిచ్చెన విషయం కూడా చెప్పాలి. మొదటి రెండు ఆటలలో సిమ్ కొలనులోకి దిగిన తరువాత నిచ్చెన తీసివేస్తే పైకి రాలేక, అలసి మునిగిపోతాడు. ఎందరికో ఇది వినోదం. మాకు మాత్రం మింగుడుపడదు. బొమ్మకు నొప్పి లేదన్నమాట నిజమే. అయితే గుడియా చేయి విరిచిన పిల్లను మన పెద్దలు ఎందుకు మందలించేవారు? మూడవ ఆట నుండి సిమ్‌లు నిచ్చెన లేకుండానే గట్టెక్కడం నేర్చుకున్నారు. మాకు అది తృప్తి.

ఇప్పుడు చికాకుల వంతు. ఇద్దరు సిమ్‌లు గుమ్మంలో ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం తెలియక చేతులు ఊపుతూ నిలబడిపోతారు. నేలమీది పళ్ళెం దారికి అడ్డమైతే దానిని దాటలేరు. ఆకాశం వంక చూసి మొరపెట్టుకుంటారు. పొయ్యి అంటుకుంటే నిద్రలో ఉన్నవారు సైతం లేచి వచ్చి, నీళ్ళు చల్లడం మాని, మంట చుట్టూ కేకలు వేస్తారు. ఇవి చిన్నవి. నవ్వుకుని ఊరుకోవచ్చు.

స్నేహాన్ని లెక్కించే తీరు మాత్రం మాకు బొత్తిగా నచ్చదు. ఇరువురి మధ్య స్నేహం ఒక అంకె. కొన్నాళ్ళు పలకరించకపోతే ఆ అంకె దానంతట అదే పడిపోతుంది. మొదటి ఆటలో ఉద్యోగంలో పైమెట్టు ఎక్కాలంటే ఇంతమంది మిత్రులుండాలన్న నిబంధన కూడా ఉన్నది. అందుచేత సిమ్ సాయంత్రం ఇంటికి రాగానే టెలిఫోను అందుకుని, ప్రేమతో కాక, ప్రమోషను కొరకు మిత్రులను పిలుస్తాడు. పదేళ్ళు ఉత్తరం లేకపోయినా కనబడగానే కావలించుకునే స్నేహాలు మనకు తెలియనివా? వాటికి ఈ లెక్కలో చోటు లేదు.

అంతకంటె బాధించేది కుటుంబపు హద్దు. ఒక ఇంట ఎనిమిదిమందికి మించి మనుషులు ఉండరాదు. 2000లోను అంతే, 2014లోను అంతే. తాత, నాయనమ్మ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు – ఆరుగురైనారు. ఇక మనుమలు ఇద్దరే! ఉమ్మడి కుటుంబాన్ని ఈ ఆటలో నిలబెట్టదలచినవారికి ఇది నిత్యం ఎదురయ్యే గోడ. భోజనాల తీరు కూడా అటువంటిదే. మొదటి ఆటలో కుర్చీ లేని ఇంటి సిమ్ నిలబడి తింటాడు. చాప మీదనో, దస్తర్‌ఖాన్ చుట్టూనో నేలపై కూర్చుని తినడం ఆ ప్రపంచానికి తట్టలేదు. జపాను వాతావరణంతో 2020లో వెలువడిన ‘స్నోవీ ఎస్కేప్’ అనే అనుబంధంలో గాని పొట్టి బల్లలు, నేలపై పరచుకునే మెత్తలు రాలేదు. మూలక్రీడను 2022 అక్టోబరు నుండి ఉచితం చేశారు. అనుబంధాలకు మాత్రం దేనికి దానికి వెల కట్టాలి. సిమ్‌ల సామాను మోజును చూసి నవ్వే ఆటగాడు తానే ఆ సంతలో నిలబడడం ఇక్కడ చూడవలసిన తమాషా.

వయసు విషయంలో నాలుగు ఆటలదీ నాలుగు తీర్లు. మొదటి ఆటలో శిశువు మూడు రోజులలో పిల్లవాడవుతాడు, అక్కడే ఆగిపోతాడు. పెద్దలకు వార్ధక్యం లేదు. రెండవ ఆటలో బాల్యం నుండి ముదిమి వరకు దశలు వచ్చాయి, తల్లిదండ్రుల కళ్ళు, ముక్కు బిడ్డలకు వచ్చాయి, వంశవృక్షం వచ్చింది. మృత్యువు నల్లని అంగీతో వచ్చినపుడు ఆత్మీయులు బతిమాలుకోవచ్చు. అనుబంధం ఎంత గట్టిదైతే ఫలించే అవకాశం అంత ఎక్కువ. సావిత్రి కథ తెలిసిన మనకు ఇది కొత్త కాదు. పోయినవారి సొమ్ము బంధుమిత్రులకు దక్కడం కూడా ఇందులో ఉన్నది. నాలుగింటిలో మాకు ఇష్టమైనది ఈ రెండవదే. నాలుగవ ఆట వచ్చినపుడు కొలనులూ లేవు, తప్పటడుగుల పిల్లలూ లేరు. కొలనులు 2014 నవంబరులో, ఆ పిల్లలు 2017 జనవరిలో, పాకే పసివాళ్ళు 2023 మార్చిలో చేరారు. కొలనుకు రెండు నెలలు పట్టి, పిల్లలకు రెండేళ్ళు దాటడం మాకు వింతగా తోచింది.

భాష మా వృత్తి గనుక ‘సిమ్లిష్’ గురించి చెప్పక వదలలేము. సిమ్‌లు మాట్లాడే ఈ భాషకు అర్థం లేదు. నిజమైన భాష పెడితే అవే మాటలు పదేపదే విని ఆడేవారు విసిగిపోతారని రైట్ గారి భయం. స్టీఫెన్ కెరిన్, జెరీ లాలర్ అనే ఇద్దరు నటులు అప్పటికప్పుడు నోటికి వచ్చిన ధ్వనులతో దీనిని కల్పించారు. ‘సుల్ సుల్’ అంటే పలకరింపు, ‘డాగ్ డాగ్’ అంటే వీడ్కోలు, ‘నూబూ’ అంటే పసిబిడ్డ. అర్థం లేకపోయినా అలక, బుజ్జగింపు, గద్దింపు, గుసగుస అన్నీ మనకు తెలిసిపోతాయి. మాటలో స్వరం మోసే బరువు ఎంతో తెలుసుకోవడానికి మా తరగతిలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు. ఏ దేశపు పిల్లవాడు ఆడినా ఆ భాష అందరికీ సమానంగా పరాయిది, సమానంగా సొంతం.

ప్రస్తుతం మేము నడుపుతున్న సంసారంలో ఏడుగురున్నారు. దాదీకి ముదిమి వచ్చింది, పెద్దకోడలు గర్భవతి. పొరుగూరి నుండి విధవరాలైన ఒక చెల్లెలిని పిలిపించి దాదీకి తోడుగా ఉంచాలని ఉన్నది. మిగిలినది ఒక్క చోటే.