రాతి ఇల్లే... కానీ అద్దాల మేడ!

పాతకాలపు రాతి కట్టడం అనగానే మందపాటి గోడలు, ఇరుకు కిటికీలు, లోపల చీకటి గుర్తొస్తాయి. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో కొండ అంచున నిలిచిన హార్డ్‌విక్ హాల్ అలా ఉండదు. అక్కడ రాయి పనంతా వెలుతురుకు దారివ్వడమే! నాలుగు వందల ఏళ్లు దాటిన ఆ ఇంటి ముచ్చట్లు మీకు తెలుసా?

● దీన్ని కట్టించింది ఓ మహిళ. పేరు ఎలిజబెత్, ష్రూస్‌బరీ కౌంటెస్. ‘బెస్ ఆఫ్ హార్డ్‌విక్’ అంటేనే అందరికీ తెలుసు. నాలుగో భర్త 1590లో కన్నుమూశారు. ఆ ఏడాదే ఈ ఇంటి పని మొదలైంది. 1597లో గృహప్రవేశం చేసేనాటికి ఆమె వయసు దాదాపు 70 ఏళ్లు.

● అప్పటికి ఆ పక్కనే ఆమె కట్టిస్తున్న మరో ఇల్లు ఇంకా పూర్తికానే లేదు! ‘ఓల్డ్ హాల్’ అని పిలిచే ఆ ఇంటి మొండిగోడలు, పైకప్పు లేకుండా నేటికీ కొత్త ఇంటికి తోడుగా ఉన్నాయి.

● గోడలకు వాడిన ఇసుకరాయిని అదే కొండవాలులో తవ్వి తీశారు. సున్నం, కలప, సీసం, గాజు కూడా చాలావరకు బెస్ సొంత భూముల నుంచి, వ్యాపారాల నుంచి వచ్చినవే.

● ఆ రోజుల్లో గాజు బాగా ఖరీదు. ఇప్పటిలా పెద్ద పెద్ద పలకలు దొరికేవి కావు. అందుకే దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో కిటికీ ఒక్క అద్దం కాదు. అరచేతిలో పట్టేంత గాజు ముక్కలను సన్నని సీసపు పట్టీలతో జతచేసిన అల్లిక. ఆ అల్లికను నిలువుగా, అడ్డంగా పెట్టిన రాతి కమ్మీలు పట్టి ఉంచుతాయి.

● ఈ ఇంట్లో పైకి వెళ్లేకొద్దీ కిటికీలు పెద్దవవుతాయి. కింది అంతస్తు పనివాళ్లది, మధ్యది కుటుంబానిది. రాణులకూ రాజులకూ తగ్గ కొలువు గదులు అన్నిటికంటే పైన ఉన్నాయి. ఎవరి గది ఎక్కడుందో బయటి నుంచి కిటికీ ఎత్తును చూసే చెప్పేయొచ్చు.

● గోడ నిండా కిటికీలే అయితే పొగగొట్టాలు ఎక్కడ పెట్టాలి? అందుకే వాటిని ఇంటి లోపలి మందపాటి గోడల్లో పైకి తీసుకెళ్లారు. ఇక బయట వరస చెడకుండా కొన్నిచోట్ల ఉత్తుత్తి కిటికీలు అమర్చారు. బయట అద్దం మెరుస్తుంది, వెనక ఉండేది గోడే!

● ఈ ఇంటి నమూనా రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారుల మాట. ఈయన రాతి మేస్త్రీగా ఎదిగిన మనిషి. అప్పటిదాకా ఇంగ్లండ్ పెద్దిళ్లలో హాలు ముందుగోడ వెంట పొడవుగా ఉండేది. ఇక్కడ దాన్ని తిప్పేశారు. గుమ్మం దాటితే హాలు తిన్నగా ఇంటి లోపలికి సాగుతుంది. గుమ్మానికి అటూ ఇటూ కూడా ఒకే తీరు కుదిరింది.

● ఇంటికి ఆరు బురుజులు. వాటి పిట్టగోడల మీద రాతిలో చెక్కిన కిరీటం, దాని కింద ‘ఇ’, ‘ఎస్’ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఆకాశంలోకి తెరిచి ఉంటాయి. ఎలిజబెత్ ష్రూస్‌బరీ అన్నమాట. కట్టించిన మనిషి సంతకం మైళ్ల దూరానికి కనిపిస్తుంది.

● పై అంతస్తులోని లాంగ్ గ్యాలరీ పొడవు దాదాపు 50 మీటర్లు. వాన పడుతున్నా ఇంట్లోవాళ్లు అందులోనే అటూ ఇటూ నడిచేవాళ్లు.

● ఇంగ్లండ్‌లో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. అది 1851 దాకా కొనసాగింది. పన్నుకు భయపడి ఎంతోమంది కిటికీలు పూడ్చేసుకున్నారు. దానికి నూరేళ్ల ముందే కట్టిన ఈ ఇల్లు మాత్రం అద్దాల మేడగానే మిగిలింది.

● హ్యారీ పోటర్ సినిమాల్లో మాల్ఫాయ్ కుటుంబం భవనం గుర్తుందా? తెరమీద దానికి బయటి రూపం ఇచ్చింది హార్డ్‌విక్ హాలే.

● ఇంత వెలుతురుకూ ఓ మూల్యం ఉంది. లాంగ్ గ్యాలరీ గోడలకు వేలాడే, బైబిల్‌లోని గిడియన్ కథను నేసిన 13 వస్త్రాలను బెస్ 1592లో కొన్నారు. వాటిపై ఉన్న పాత యజమాని కుటుంబ చిహ్నాలను తనవిగా మార్చుకోవాలి కాబట్టి ధరలో 5 పౌండ్లు తగ్గించుకున్నారు కూడా. ఎండకు రంగు వెలిసి, పోగులు బలహీనపడ్డ ఆ వస్త్రాలను బాగుచేసే పని 1999లో మొదలై 2023లో ముగిసింది. వాటిని కాపాడుకోవడానికి పట్టింది 24 ఏళ్లు! మన ఊళ్లలోని పాత కట్టడాల్నీ పాడయ్యాక కాదు, బాగున్నప్పుడే చూసుకుందాం.